కొటియా కొండల మీద రెండేసి ఉన్నవీ, ఒక్కటీ లేనివీ

సంపాదకులు గారికి,

నమస్కారం. ఆంధ్రా, ఒడిశా రెండూ మాదంటే మాదనే కొటియా కొండ గ్రామాల గురించి పేపర్లో వార్త వచ్చిందంటే మా సాలూరు బజారులో ముందుగా చదివేది మేమే, సంతల వాళ్లం. దారి తెరిచి ఉందో లేదో తెలియాలి కదా. ఆ వార్తలు ఎప్పుడు చూసినా ఒకేలా ఉంటాయి. ఈ రాష్ట్రం వాళ్లు వెళ్లారు, ఆ రాష్ట్రం వాళ్లు అడ్డుకున్నారు, బోర్డు పీకారు, మళ్లీ పాతారు. చదివినవాళ్లకు అక్కడేదో యుద్ధం నడుస్తోందనిపిస్తుంది. ఆ కొండల మీద ఉండేది ఎవరు, ఏం పండిస్తారు, వాళ్లకు నిజంగా ఏం కొరవైంది అన్నది మాత్రం ఎవరూ రాయరు. అందుకే ఈ ఉత్తరం. పొడుగైంది. చోటు లేకపోతే మధ్యలో కోసేయండి గానీ, చివర అడిగినవి మాత్రం ఉంచండి.

నాది ఎండుచేపల వ్యాపారం. పెళ్లయి సాలూరు వచ్చిన దగ్గర్నుంచి కొండ సంతలకు తిరుగుతున్నాను. మా అత్తగారి కాలంలో కావిళ్లతో నడిచి ఎక్కేవారు, మేం జీపులో ఎక్కుతున్నాం. నెత్తళ్లు, కవళ్లు, ఎండురొయ్యలు, ఉప్పు, ఉల్లిపాయలు పైకి పోతాయి. చింతపండు, పసుపు, అల్లం, కందులు, కొండచీపుర్లు కిందికి వస్తాయి. మా ఇంట్లో మగవాళ్లది లారీ పని. సాలూరంటే లారీలే కదా. వాళ్లకు సరిహద్దంటే ఘాట్‌ రోడ్డులో ఒక చెక్‌పోస్టు, కాగితాలు చూపించి దాటేస్తారు. నాకైతే ఏ సంతలో ఏ మాట మాట్లాడాలి, ఎవరికి అప్పు పెట్టొచ్చు అన్నదే లెక్క. ఆ లెక్కలో ఆంధ్రా, ఒడిశా అనే గీత ఎక్కడా అడ్డు రాలేదు. 2020 లాక్‌డౌన్‌లో ఘాట్‌ రోడ్డు మీద కర్రలు అడ్డం కట్టినప్పుడు మొదటిసారి అది కళ్లకు కనిపించింది. అప్పుడు కూడా మూసింది తారు రోడ్డునే. అడవి దారులన్నీ తెరిచే ఉన్నాయి, ఉప్పు లేని ఇళ్లవాళ్లు వాటమ్మటే దిగి వచ్చారు.

ముందు నేల సంగతి. సాలూరు ఊరు దాటి పడమరకు చూస్తే గోడ కట్టినట్టు లేచేవి తూర్పు కనుమలు. రామభద్రపురం వైపు నుంచి వచ్చే 26వ నంబరు జాతీయ రహదారి మా ఊరి మీదుగానే ఈ కొండలెక్కి సుంకి, పొట్టంగి దాటి కోరాపుట్‌ పోతుంది. ఆ రోడ్డుకు ఉత్తరాన, లోయల్లో, గట్ల మీద, వాలుల మీద చెదురుమదురుగా ఉన్నవే కొటియా గ్రూపు గ్రామాలు. కొటియా, గంజాయిభద్ర, పట్టుచెన్నూరు, పగులుచెన్నూరు, ధూళిభద్ర, నేరెళ్లవలస, ఎగువశెంబి, దిగువశెంబి, ఇంకా ఎన్నో. మనవాళ్లు 21 గ్రామాలంటారు, ఇంకా ఎక్కువ చెప్పేవాళ్లూ ఉన్నారు. ఊరంటే ఏది, ఊరిలో వాడంటే ఏది అన్నదాన్ని బట్టి లెక్క మారుతుంది. ఆ వెనకాలే దేవ్‌మాలి కొండ. 1,672 మీటర్లు. ఒడిశా మొత్తంలో దానికన్నా ఎత్తు లేదు. డిసెంబరులో అటు నుంచి వీచే గాలికి సంతలో తెల్లారి తక్కెడ ముట్టుకుంటే చేతులు కొంకర్లు పోతాయి.

ఈ కొండల గురించి కింద మైదానంలో ఉన్నవాళ్లు తెలుసుకోవలసింది నీళ్ల సంగతి. ఇటు వాలు మీద పడ్డ వాన గెడ్డల్లో, అంటే కొండవాగుల్లో పడి సువర్ణముఖి, వేగావతి అవుతుంది. ఆ రెండూ వంగర దగ్గర సంగం ఊళ్లో నాగావళిలో కలుస్తాయి. శివరాత్రికి జనం స్నానాలకు వెళ్లే చోటు అదే. సాలూరు మండలంలో వెంగళరాయసాగర్‌ నిండేదీ ఈ కొండల వానతోనే. పొట్టంగి పక్కన అటు వాలు మీద పడ్డ నీళ్లు మాత్రం కొలాబు ఏట్లోకి పోతాయి. కొలాబే కిందికి వెళ్లాక శబరి, శబరి పోయి గోదావరిలో కలుస్తుంది. ఒకే మబ్బు కురిస్తే సగం శ్రీకాకుళం దగ్గర సముద్రంలోకి, సగం భద్రాచలం దిగువన గోదావరిలోకి. పైన ఆ గట్టు మీద చెట్లు ఎవరు కాపాడాలి, పోడు ఎవరు మాన్పించాలి అన్న ప్రశ్న వచ్చినప్పుడు రెండు రాష్ట్రాల అటవీ శాఖలూ గట్టు అవతలి వైపుకే చెయ్యి చూపిస్తాయి. బొబ్బిలి, పార్వతీపురం రైతులు కొటియా గొడవను కొండోళ్ల గొడవ అనుకుంటారు. వాళ్ల చెరువు మదుములోకి వచ్చే నీళ్లు అక్కడివే.

ఇక పంటలు. క్యాలెండరు చూడకుండా సంతకు ఏం దిగిందో చూసి ఏ నెలో చెప్పగలను. దసరా దాటాక సీతాఫలాలు. ఆ వెంటనే చోళ్లు, సామలు, కొర్రలు. కార్తీకం నుంచి వాలులన్నీ వలిసె పూలతో పసుపుపచ్చగా మారతాయి. ఆ రోజుల్లో అరకు వెళ్లే టూరిస్టులు ఫొటోలు దిగేది ఈ పువ్వుతోనే. మా కొండల్లోకి టూరిస్టులు రారు, అది వేరే మాట. సంక్రాంతి ముందు కందులు, రాజ్‌మా. మాఘం నుంచి కొండచీపుర్లు, పసుపు, చింతపండు. ఎండాకాలం ఇప్పపువ్వు, జీడిపిక్కలు, అడ్డాకులు, పనస. వానల్లో మాత్రం వాళ్ల చేతిలో అమ్మడానికి ఏమీ ఉండదు. మా దగ్గర అప్పు పెరిగేది ఆషాఢం నుంచి భాద్రపదం దాకానే. మలేరియా వచ్చేదీ, గెడ్డ పొంగి దారి తెగేదీ, డోలీ కట్టాల్సి వచ్చేదీ ఆ నెలల్లోనే. అధికారుల కార్లు రానిదీ అప్పుడే.

అల్లం గురించి ఒక ముక్క చెప్పాలి. కోరాపుట్‌ వైపు కొండల్లో అల్లం బాగా పండుతుంది. పీచు ఎక్కువ, ఘాటు ఎక్కువ. తవ్విన అల్లాన్ని రైతు ఇంట్లో ఉంచుకోలేడు. ధర ఏదైనా ఆ వారమే అమ్ముకోవాలి. మన వైపు గిరిజన సహకార సంస్థ ఉంది, 1956 నుంచి అటవీ ఉత్పత్తులు కొంటోంది. ఒడిశాకు వాళ్ల గిరిజన కార్పొరేషను వేరే ఉంది. కాగితం మీద చూస్తే కొటియా రైతుకు ఇద్దరు ప్రభుత్వ కొనుగోలుదార్లు. సంతలో చూస్తే చాలాసార్లు ఉండేది మాలాంటి వాళ్లు, మాకన్నా పెద్ద సేట్లు. మా తూకాలన్నీ ధర్మంగా ఉంటాయని నేను ప్రమాణం చేయను. పోటీకి మూడో తక్కెడ ఉంటే మా తూకం కూడా సరిగ్గా ఉంటుంది, ఇది వ్యాపారం చేసే మనిషిగా చెబుతున్నాను.

మనుషులు. జాతాపులు, కొండదొరలు, కోందులు, పరజలు, గదబలు, వాల్మీకులు. ఒక్కో ఊళ్లో ఒకటో రెండో తెగలు, కొన్ని ఊళ్లలో అన్నీ. ఇళ్లలో కోందుల భాష కువి మాట్లాడేవాళ్లున్నారు, కొండ ఒరియా మాట్లాడేవాళ్లున్నారు, తెలుగే మాట్లాడే జాతాపులున్నారు. సంతకొస్తే అందరిదీ ఒక కలగలుపు మాట. బేరం తెలుగులో మొదలై కువిలో తిట్టుకుని ఒరియాలో ముగుస్తుంది. ఒకసారి మా జీపులో భాషల మీద చదువుకున్నాయన ఒకరు వచ్చారు. సాలూరు వైపు గదబలు మాట్లాడేది మన తెలుగుకు చుట్టరికం ఉన్న భాషేనని, కోరాపుట్‌ లోపల ఉండే గుతోబు గదబల భాషకు దానితో సంబంధమే లేదని, అది ముండా భాషని ఆయన చెప్పారు. అంటే పేరొకటే గానీ రెండు వేర్వేరు మూలాలు. వెనకాల కూర్చున్న గదబ ముసలాయన ఇదంతా విని, మాకు తెలుసు, అందుకే వాళ్ల దాంట్లో సంబంధాలు చేసుకోం అన్నాడు. చదువుకున్నాయన పుస్తకం తీసి రాసుకున్నారు.

కిల్లో, కొర్రా, పాంగి, వంతల లాంటి వంశాలు ఆంధ్ర ఏజెన్సీలోనూ ఉన్నాయి, కోరాపుట్‌లోనూ ఉన్నాయి. కిల్లో వాళ్లకు వంశ గుర్తు పులి, కొర్రా వాళ్లకు సూర్యుడు, పాంగి వాళ్లకు గద్ద, వంతల వాళ్లకు నాగుపాము. ఒకే వంశంలో పెళ్లి పనికిరాదు. పిల్లను వెతికేటప్పుడు అడిగేది అదొక్కటే, ఏ రాష్ట్రమని ఎవరూ అడగరు. చైత్రమాసం పండగకు రెండు వైపులా పని బంద్‌. మగవాళ్లు వేటకు పోతారు, ఆడవాళ్లు దారికి అడ్డంగా కర్ర పెట్టి పాట పాడి చందా అడుగుతారు. మా జీపుకు ప్రతి మలుపులో ఒక గేటు. పది రూపాయలిస్తే, అప్పా (అంటే అక్కా), ఇంత బండి నిండా సరుకేసుకుని పదేనా అంటారు. కాసేపు థింసాలో కాలు కలపకపోతే కర్ర ఎత్తరు. నాకు రెండు మోకాళ్లూ నొప్పులే, అయినా వదలరు.

గొడవ ఎలా వచ్చిందో నాకు తెలిసినంతలో రాస్తాను. 1936 ఏప్రిల్‌ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు జయపురం సంస్థానం నేలంతా, అంటే ఇప్పటి కోరాపుట్‌ ప్రాంతం, అటు పోయింది. సాలూరు, పాచిపెంట మద్రాసులో ఉండిపోయాయి. మధ్యలో ఉన్న ఈ కొండ గ్రామాలకు సరైన సర్వే జరగలేదు. అసలు తగువు అక్కడ మొదలైంది. 1968లో ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్లింది, ఉన్నది ఉన్నట్టు ఉండాలని కోర్టు చెప్పింది. 2006లో ఆ దావా ముగిసినా, ఉన్నది ఉన్నట్టు అన్న మాట మాత్రం అలాగే నిలిచింది. 2021 ఫిబ్రవరిలో మనవాళ్లు అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే కోర్టు ధిక్కారమంటూ ఒడిశా మళ్లీ సుప్రీంకోర్టు మెట్లెక్కింది. అదే ఏడాది నవంబరులో ఇద్దరు ముఖ్యమంత్రులు భువనేశ్వర్‌లో కూర్చుని, ప్రధాన కార్యదర్శులతో కమిటీ వేస్తామన్నారు. 2024 జూన్‌ 12న రెండు రాష్ట్రాల్లోనూ ఒకే రోజు కొత్త ముఖ్యమంత్రులు ప్రమాణం చేశారు. కమిటీ మాట సంతలో ఎవరినడిగినా ఎరగమన్నారు.

రాష్ట్రాల హద్దు మార్చే అధికారం పార్లమెంటుదని, అది ఇప్పట్లో తేలదని మాకూ తెలుసు. జిల్లాలు మారడం మాకు కొత్త కాదు. నేను పుట్టినప్పుడు సాలూరు శ్రీకాకుళం జిల్లా. 1979లో విజయనగరం జిల్లా అయింది. 2022లో పార్వతీపురం మన్యం జిల్లా అయింది. మూడు జిల్లాల కాగితాలు మా ఇంట్లో ఒకే ట్రంకు పెట్టెలో ఉన్నాయి, పని ఆగలేదు. ఎందుకంటే ఎప్పుడు మారినా, ఈ రోజు నుంచి మీ పని చూసేది ఫలానా ఆఫీసు అని ఒకరు చెప్పారు. కొటియాలో లేనిది ఆ ఒక్క మాటే.

నేను చూసింది ఇది. ఆ ఊళ్లలో ఫొటోకి పనికొచ్చేవన్నీ రెండేసి ఉన్నాయి, మరమ్మతు కావాల్సినవాటికి మాత్రం ఎవరూ లేరు. అంగన్‌వాడీలు రెండు. బడులు రెండు. రేషను కార్డులు రెండు, ఓటరు కార్డులు రెండు, బోర్డులు రెండు. పింఛను ఇచ్చేవాళ్లూ ఇద్దరు. సర్పంచులూ ఇద్దరే. కొండ ఊట నుంచి ఊళ్లోకి పైపు వేసి నీళ్లు తెచ్చింది ఒకరైతే, ఆ పైపు పగిలిన రోజు రెండోవాళ్లు అది మాది కాదంటారు. వేసినవాళ్లు వద్దామంటే దారిలో ఆపుతారు. ఒక కల్వర్టు కూలిపోయి రెండు వానాకాలాలు గడిచాయి. ఒకవైపు వాళ్లు కంకర దించారు, ఇంకోవైపు వాళ్లు పని ఆపించారు. ఆ కంకర ఇప్పటికీ అక్కడే ఉంది, పిల్లలు దానిమీద ఆడుకుంటారు. మా జీపు గెడ్డలోంచే దిగుతుంది.

నా అనుభవం ఒకటి. ఒక సంతలో ఆశీలు అడగడానికి ఒకే పొద్దున రెండు వైపుల మనుషులూ వచ్చారు. ఇద్దరి దగ్గరా రసీదు పుస్తకాలున్నాయి. ఒకరికి కట్టాక రెండోవారికి కట్టనన్నాను. మాటా మాటా పెరిగింది. చివరికి కొండదొర పెద్దాయన ఒకరు మధ్యలోకి వచ్చి, ఈ అప్ప చేపలు అమ్మకపోతే మీ ఇద్దరికీ కూరలేదు, పొండి అన్నాడు. నవ్వేసి పోయారు. ఇది నవ్వుకునే సంగతే. తర్వాత 2021 సెప్టెంబరులో గులాబ్‌ తుపానుకు ఆ సంత రేకుల షెడ్డు లేచిపోయింది. అప్పుడు రసీదు పుస్తకాల వాళ్లు ఒక్కరూ రాలేదు. వర్షంలో టార్పాలిన్లు కట్టుకుని అమ్ముతున్నాం.

మైదానంలో ఉన్నవాళ్లు ఇంకో మాట అంటారు: ఏం తక్కువ వాళ్లకి, రెండు రాష్ట్రాల బియ్యం తింటున్నారు అని. అవును, కొందరు రెండూ తీసుకుంటారు. నేను అబద్ధం చెప్పను. 2019 ఏప్రిల్‌ 11న, మళ్లీ 2024 మే 13న మన వైపూ కోరాపుట్‌ వైపూ ఒకే రోజు పోలింగ్‌ పెట్టారు. సిరా పడిన వేలు ఒక చోట, పడని వేలు ఇంకో చోట చూపించినవాళ్ల కథలు సంతలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అయితే ఆ మాట అన్నవాళ్లు ఒక్కసారి వానాకాలంలో ఆ ఊళ్లలో ఉండి చూడాలి. ఈ నెల ఏ వైపు దారి తెగుతుందో తెలియని ఇంట్లో రెండు కార్డులు దాచుకుంటే దాన్ని దొంగతనమనలేం. ఒక కార్డు పనిచేస్తుందన్న నమ్మకం కలిగించండి, రెండోది వాళ్లే తెచ్చిచ్చేస్తారు. రెండు కార్డుల్లో పేరు రెండు రకాలుగా, వయసు రెండు రకాలుగా ఉండి ఆధార్‌ కలవక, రెండు చోట్లా పింఛను ఆగిపోయిన ముసలమ్మలు కూడా అక్కడే ఉన్నారు. వాళ్ల సంగతి ఎవరూ ఎత్తరు.

ఇంతకన్నా పెద్ద చిక్కు జాబితాలది. వాల్మీకులు మన ఏజెన్సీలో ఎస్టీలు. ఒడిశా జాబితాలో ఎస్సీలు. గదబల్లో బోడో గదబ, గుతోబు గదబ శాఖలు మన వైపు బాగా వెనకబడిన తెగల జాబితాలో, అదే పీవీటీజీ అంటున్నారు, అందులో ఉన్నాయి. ఒడిశాలో ఆ జాబితాలో 13 తెగలున్నాయి, గదబల పేరు లేదు. 2023 నవంబరు 15న కేంద్రం పీఎం జన్‌మన్‌ పథకం మొదలుపెట్టింది. పీవీటీజీ కుటుంబానికి పక్కా ఇల్లు కట్టుకోవడానికి 2.39 లక్షలు, వంద మంది ఉన్న వాడకు కూడా రోడ్డు. అంటే అదే మనిషి, అదే గుడిసె, అదే పోడు చెక్క. మన కాగితం పట్టుకుంటే ఒక హక్కు, వాళ్ల కాగితం పట్టుకుంటే ఇంకో హక్కు. పదో తరగతి చదివిన పిల్లాడు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేటప్పుడు ఏ రాష్ట్రం కుల సర్టిఫికెట్టు తెచ్చుకోవాలి? తెచ్చుకున్నాక రెండో రాష్ట్రం కార్డు బయటపడితే ఏమవుతుంది? ఈ టెన్షన్‌తోనే ఒక పిల్లాడు దరఖాస్తు మానేసి మా లారీ మీద క్లీనరుగా చేరాడు. తెలివైనవాడు. మా లెక్కలు ఇప్పుడు వాడే రాస్తాడు.

బడుల విషయం చూడండి. కువి మాట్లాడే పిల్లలకు చిన్న తరగతుల్లో కువిలోనే చెప్పాలని రెండు రాష్ట్రాలూ పుస్తకాలు వేశాయి. మనవాళ్లు తెలుగు అక్షరాల్లో వేశారు, వాళ్లు ఒడియా అక్షరాల్లో. మంచి పనే, రెండూ మంచి పనులే. కానీ ఒకే ఇంట్లో అక్క తెలుగు బడికి, తమ్ముడు ఒడియా బడికి పోతే, తమ్ముడికి అక్క చదువు చెప్పే వీలుండదు. ఏ బడిలో ఆ నెల గుడ్డు పెడుతున్నారో ఆ బడికి పిల్లలు మారిపోతారు. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి రెండు లిపులూ సగం సగం. పెద్ద క్లాసులకు హాస్టలు అటు దొరికితే కోరాపుట్‌, ఇటు దొరికితే సాలూరు.

నేను ఏ పక్షమో కూడా చెప్పేస్తాను, దాచుకోవడం ఎందుకు. కొటియా ఆంధ్రాలో ఉంటేనే నాకు లాభం. మా సాలూరు బజారు సగం ఆ కొండల డబ్బుతోనే నడుస్తుంది. ముసలివాళ్లలో చాలామంది సాలూరు వైపే చూస్తారు, ఆసుపత్రికీ బట్టలకీ అలవాటైన ఊరు. అటు చదువుకున్న కుర్రాళ్లు కోరాపుట్‌ వైపు చూస్తారు. ఈ మధ్య ఒడిశా వాళ్లు రోడ్లు, హాస్టళ్లు గట్టిగానే కడుతున్నారు, అది ఒప్పుకోవాలి. ఊరంతా మా పక్కే అని రెండు వైపుల నాయకులూ చెప్పేది నమ్మకండి. ఒక్క ఇంట్లోనే ఒక మాట ఉండదు.

ఇప్పుడు అడగాల్సినవి. హద్దు ఎవరిదో తేల్చమని నేను అడగడం లేదు. ఉన్నది ఉన్నట్టు ఉండాలన్న కోర్టు మాట హద్దు గురించి. పైపు బాగుచేయొద్దని, అంబులెన్స్‌ ఆపమని ఏ కోర్టూ చెప్పలేదు. పార్వతీపురం మన్యం కలెక్టరు, కోరాపుట్‌ కలెక్టరు ఇద్దరూ కలిసి ఆ గ్రామాలకు ఒకే పనుల పట్టిక రాయాలి. ఏ ఊరి నీళ్ల పైపు ఎవరిది, ఏ కల్వర్టు ఎవరిది, ఏ వాడకు ఏఎన్‌ఎం ఏ రోజు వస్తుంది అన్నది కాగితం మీద ఉండాలి. ఆ కాగితం సంత దగ్గర గోడకు మూడు భాషల్లో అంటించాలి. దానివల్ల హద్దు మీద ఎవరి హక్కూ పోదని ఒక వాక్యం కింద రాసుకోమనండి, ఇద్దరికీ ధైర్యంగా ఉంటుంది.

అంబులెన్స్‌ సంగతి అన్నిటికన్నా ముందు. రెండు రాష్ట్రాల్లోనూ నంబరు 108యే. కొండ మీద సిగ్నలు ఏ టవరుకు తగిలితే ఫోను ఆ రాష్ట్రానికి పోతుంది. నొప్పులు పడుతున్న మనిషి పక్కన నిలబడి, మీది మా పరిధి కాదు, అటు చెయ్యండి అని వినడం నేను కళ్లారా చూశాను. ఎవరు ఫోనెత్తితే వాళ్లే బండి పంపాలి, లేదా వాళ్లే అవతలివాళ్లకు ఫోను కలపాలి. ఇదేమీ పార్లమెంటులో తేలాల్సిన విషయం కాదు.

ఇంకోటి జనగణన. ఇళ్ల లెక్క 2026లో, మనుషుల లెక్క 2027 ఫిబ్రవరిలో అన్నారు. ఈసారి కులాలు కూడా రాస్తారు. ఆ ఊళ్లకు ఇద్దరు ఎన్యూమరేటర్లు వెళ్లి రెండు లెక్కలు రాసినా నష్టమే, నువ్వంటే నువ్వని ఇద్దరూ మానేసినా నష్టమే. అటు నుంచి ఒకరు, ఇటు నుంచి ఒకరు కలిసి ఒకే ఇంటికి వెళ్లి ఒకే లెక్క రాయాలి, కువి వచ్చిన ఊరి పిల్లనో పిల్లాడినో వెంట పెట్టుకోవాలి. ఆ లెక్క ఎవరి ఖాతాలో వేస్తారో ఢిల్లీ వాళ్లు చూసుకుంటారు. మనిషిని సరిగ్గా ఒకసారి లెక్కపెట్టడం ముందు జరగాలి.

పోడు భూముల మాట తీస్తే ఇంకో ఉత్తరం అవుతుంది. అడవి హక్కుల చట్టం 2006లో వచ్చింది. ఏ గ్రామసభ తీర్మానం చెల్లుతుందో తెలియని ఊళ్లో దాని కింద పట్టా ఎంత గట్టిదో లాయర్లు చెప్పాలి. నేను అడిగేది ఒకటే, తగువు తేలేదాకా ఏ వైపు ఇచ్చిన పట్టానూ రెండో వైపు కొట్టేయకూడదు. మన వైపు 1970 చట్టం ఉంది, ఒడిశాకు 1956 నాటి నిబంధన ఉంది. గిరిజనుల భూమి గిరిజనేతరులు కొనకూడదని రెండూ చెబుతున్నాయి. హద్దు తేలని చోట ఏ చట్టమూ వర్తించదని చెప్పి కాగితాలు రాయించుకునే పెద్దమనుషులు మా బజారులోనే తిరుగుతున్నారు. వాళ్ల మీద రెండు వైపుల రెవెన్యూ వాళ్లూ కన్నేసి ఉంచాలి.

ఆఖరుగా మీకొక విన్నపం. కొటియా వార్తకు విలేకరిని పంపేటప్పుడు ఎన్నికలప్పుడు, బోర్డులు పీకినప్పుడు కాకుండా ఆగస్టులో పంపండి. సంత ముందు రోజు సాయంత్రానికి సాలూరు చేరితే తెల్లవారుజామున మా జీపులో చోటిస్తాం. చేపల బుట్టల పక్కన కూర్చోవాలి, ఆ వాసనకు సిద్ధపడి రమ్మనండి. కూలిన కల్వర్టు దగ్గర దించి గెడ్డ దాటిస్తాం. ఫొటో ఒకటి దాన్ని తీస్తే చాలు.

ఇట్లు,
ఒక సంత వ్యాపారి,
సాలూరు, పార్వతీపురం మన్యం జిల్లా
(పేరు వేయకండి. రెండు వైపులా వ్యాపారం చేసుకోవాలి.)